బస్సులో వాంతులు అవుతాయా? ఆపరేషన్‌కు ముందే మత్తు డాక్టర్‌కు చెప్పండి

వెనకాల గాలి చప్పుడు వస్తుంటే ఏమనుకోకండి, నిజాంసాగర్ కట్ట మీద కూర్చుని రికార్డ్ చేస్తున్నా. ఇంట్లో చేద్దామంటే అమ్మ ఉంది. ఈ ఎపిసోడ్ అమ్మ గురించే. పర్మిషన్ అడిగితే, "నా వాంతుల ముచ్చట ఊరందరికీ ఎందుకురా" అని కాసేపు కోప్పడి, "సరే చెప్పు, నా ఫోటో మాత్రం పెట్టకు" అంది.

ముందే ఒక మాట. నేను డాక్టర్‌ని కాదు. బీటెక్ చేసి, హైదరాబాద్‌లో కొన్నేళ్లు కోడ్ రాసి, ఇప్పుడు వీడియోలు చేస్తున్నవాడిని. ఇందులో మందుల పేర్లు వస్తాయి, డోసులు మాత్రం చెప్పను. ఏ మందు ఇవ్వాలి అనేది డాక్టర్ చూసుకుంటారు. మనం చేయాల్సిన పని వేరే ఉంది, అది చెప్పడానికే ఈ వీడియో.

నాలుగేళ్ల కింద అమ్మకు గాల్ బ్లాడర్‌లో రాళ్లని తేలింది. నిజామాబాద్‌లో ఒక ప్రైవేట్ దవాఖానలో లాప్రోస్కోపీ చేశారు. కడుపు మీద నాలుగు చిన్న కోతలు, అంతే. సర్జన్ బయటకొచ్చి రాళ్లను చిన్న డబ్బాలో వేసి చూపించి, "అంతా మంచిగైంది" అన్నాడు. నిజంగానే మంచిగైంది. కానీ సాయంత్రం ఐదింటికి మొదటి వాంతి. ఇక తెల్లవారుజాము మూడు దాకా ఆగలేదు. కడుపులో ఏమీ లేదు, ఉత్త పసరు. వచ్చిన ప్రతిసారీ రెండు చేతులతో కుట్లు అదుముకుని, "కుట్లు పిగులుతయేమోరా" అనేది. నేను పక్కన టబ్బు పట్టుకుని నిలబడ్డా. సిస్టర్ వచ్చి ఒక ఇంజెక్షన్ ఇచ్చింది. తగ్గలేదు. కొద్దిసేపటికి మళ్లీ అదే ఇంజెక్షన్. మళ్లీ తగ్గలేదు. ఫోన్‌లో చుట్టాలందరిదీ ఒకటే ప్రశ్న: "ఏం తినిపిచ్చిండ్రు?" ముందు రోజు రాత్రి నుంచి ఏమీ తినలేదు ఆమె. మర్నాడు ఇంటికి రావాల్సినవాళ్లం, ఇంకో రోజు అక్కడే ఉండిపోయాం.

అసలు సమస్య తర్వాత మొదలైంది. రెండేళ్ల కింద బొడ్డు దగ్గర, ఆ పాత కోత ఉన్నచోటే ఉబ్బు వచ్చింది. హెర్నియా అన్నారు, ఆపరేషన్ చేయించుకోవాలన్నారు. అమ్మ వినలేదు. "కోతకు నాకు భయం లేదు బిడ్డా. ఆ కక్కుడు మాత్రం నాతోని కాదు." రెండేళ్లు అట్లనే నెట్టుకొచ్చింది. హెర్నియాలో పేగు ఇరుక్కుంటే ప్రాణం మీదికి వస్తుందని డాక్టర్ చెప్పినా సరే.

మొదట్లో నాకు ఇది అమ్మ మొండితనం అనిపించింది. తర్వాత చదివితే అమ్మ ఒక్కతే కాదని తెలిసింది. 1999లో అమెరికాలో స్టాన్‌ఫోర్డ్ డాక్టర్లు, ఆపరేషన్ చేయించుకోబోయేవాళ్లను మత్తు దిగాక ఏది జరగకూడదని కోరుకుంటారని అడిగారు. అన్నిటికన్నా వద్దన్నది వాంతి. కోత నొప్పి దాని తర్వాతే. డాక్టర్ల దృష్టిలో చిన్న విషయం, మంచం మీద ఉన్నవాళ్లకు పెద్ద విషయం.

చిన్న విషయం ఎందుకైందో కూడా అర్థం చేసుకోవచ్చు. నేను కూర్చున్న ఈ డ్యామ్ ఏడో నిజాం కాలంలో, 1923 నుంచి 1931 మధ్య కట్టింది. ఆయన తండ్రి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, 1888లో ఒకసారి, 1889లో ఒకసారి హైదరాబాద్‌లో క్లోరోఫామ్ కమిషన్లు కూర్చున్నాయి. ఎడ్వర్డ్ లారీ అనే రెసిడెన్సీ సర్జన్ పట్టుబట్టి చేయించాడు. వాళ్ల ప్రశ్న ఒకటే: క్లోరోఫామ్‌తో మనిషి చనిపోతే ముందు ఆగేది గుండెనా, ఊపిరా? అప్పట్లో మనిషి మత్తు దిగి లేస్తే చాలు, వాంతుల గురించి ఎవరు అడుగుతారు? ఇవాళ మత్తు అప్పటికన్నా ఎన్నో రెట్లు సేఫ్. అడిగే టైమ్ వచ్చింది.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం, నాకు బాగా నచ్చిన భాగం ఇదే. వాంతులు ఎవరికి అవుతాయో ముందే చాలావరకు అంచనా వేయొచ్చు. ఆప్ఫెల్ అనే జర్మన్ మత్తు డాక్టర్, ఆయన టీమ్ 1999లో ఒక స్కోర్ ఇచ్చారు. నాలుగే ప్రశ్నలు. ఆడవాళ్లా? పొగ తాగని వాళ్లా? ఇంతకుముందు ఆపరేషన్ తర్వాత వాంతులు అయ్యాయా, లేదా ప్రయాణంలో అవుతాయా? ఆపరేషన్ తర్వాత నొప్పికి ఓపియాయిడ్ మందులు, అంటే ట్రమడాల్, మార్ఫిన్ లాంటివి ఇవ్వబోతున్నారా? ఒక్కో అవునుకు ఒక్కో పాయింట్. సున్నా వస్తే నూటికి పదిమందికి వాంతులో వికారమో ఉంటుంది. ఒకటికి ఇరవై, రెండుకి నలభై, మూడుకి అరవై, నాలుగుకి ఎనభై.

అమ్మకు వేసి చూశా. ఆడమనిషి, ఒకటి. పొగ? మా దగ్గర చాలామంది ఆడవాళ్ల లాగే అమ్మ జీవితమంతా బీడీలు చుట్టింది, ఒక్కటీ తాగలేదు. రెండు. (పొగ తాగేవాళ్లకు ఈ వాంతులు తక్కువ, అది నిజమే. దాని కోసం మొదలుపెడతానని కామెంట్ పెట్టకండి, వాళ్ల ఊపిరితిత్తులకు ఆపరేషన్ బల్ల మీద వచ్చే తిప్పలు వేరే ఉన్నాయి.) ఇక బస్సు. బాన్సువాడ దాటక ముందే అమ్మ కవర్ తీస్తుంది. కిటికీ సీటు, చేతిలో నిమ్మకాయ, నోట్లో సోంపు లేకుండా పల్లెవెలుగు ఎక్కదు. మూడు. ఆపరేషన్ తర్వాత ట్రమడాల్ ఇచ్చారు. నాలుగు. ఫుల్ మార్కులు.

ఈ నాలుగులో మూడు ఊళ్లో ఎవరిని అడిగినా చెప్తారు. దవాఖానలో మాత్రం బస్సు సంగతి ఎవరూ అడగలేదు. మేమూ చెప్పలేదు. బీపీ చెప్పాం, షుగర్ లేదని చెప్పాం. బస్సులో వాంతులకూ ఆపరేషన్‌కూ సంబంధం ఏముంటుందనుకున్నాం.

సంబంధం ఉంది. మెదడు కింది భాగంలో వాంతిని నడిపించే చోటు ఉంది. దానికి చాలా వైర్లు వస్తాయి అనుకోండి. లోపలి చెవిలో బ్యాలెన్స్ చూసే భాగం నుంచి ఒకటి, బస్సు ఊపినప్పుడు పనిచేసేది అదే. పేగుల నుంచి ఒకటి. రక్తంలో ఏం తిరుగుతుందో రుచి చూసే చిన్న భాగం నుంచి ఇంకొకటి, మత్తు గ్యాస్, ట్రమడాల్ సంగతి కనిపెట్టేది అదే. ఒక్కో మందు ఒక్కో వైరును మూస్తుంది. మనకు తెలిసిన ఎమ్‌సెట్, అంటే ఆండాన్సెట్రాన్, సెరటోనిన్ అనే రసాయనం వెళ్లే దారిని ఆపుతుంది. డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఇంకోలా పనిచేస్తుంది. అందుకే ఒకసారి ఎమ్‌సెట్ ఇచ్చాక కూడా ఆరు గంటల్లోపే వాంతి వస్తే, మళ్లీ ఎమ్‌సెట్ ఇస్తే పెద్దగా లాభం లేదు, వేరే జాతి మందు ఇవ్వాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్తాయి. ఆ రాత్రి అమ్మకు ఇచ్చిన రెండో ఇంజెక్షన్ గుర్తొచ్చింది నాకు.

ఏ మందు ఎంత పనిచేస్తుందో 2004లో పెద్ద ట్రయల్ వచ్చింది. పేరు ఇంపాక్ట్, 5,000 మందికి పైగా పేషెంట్లు. ఆరు పద్ధతులు తీసుకున్నారు, ఒక్కోటి ఇవ్వడమో ఇవ్వకపోవడమో. రెండుని ఆరుసార్లు గుణిస్తే 64 కాంబినేషన్లు. టెస్టింగ్ టీమ్‌లో పనిచేసినవాళ్లకు ఇది చూస్తే ముద్దొస్తుంది. తేలింది ఏంటంటే: ఆండాన్సెట్రాన్, డెక్సామెథాసోన్, డ్రోపెరిడాల్, ఏది ఇచ్చినా రిస్క్ సుమారు 26 శాతం తగ్గింది. గ్యాస్ బదులు ప్రొపోఫాల్ అనే పాలలాంటి ఇంజెక్షన్‌తో మత్తు నడిపిస్తే 19 శాతం తగ్గింది. ముఖ్యమైన సంగతి, ఇవి ఒకదాని పని ఒకటి చెడగొట్టవు. లెక్క గుణకారమే. అమ్మ 80తో మొదలవుతుంది. ఒక మందుతో 59. రెండో మందుతో 44. ప్రొపోఫాల్ కలిపితే 35 దగ్గరకు వస్తుంది. సున్నా కాదు. 35.

ఇక్కడ ఒక విషయం మింగేసి ముందుకు పోవడం నాకు ఇష్టం లేదు. 2006లో కోక్రేన్ సంస్థ వందలాది స్టడీలు కలిపి ఒక రివ్యూ వేసింది. నూటికి 80 మందికి వాంతులయ్యే గుంపులో అందరికీ ఒక మందు ఇస్తే 28 మందికి లాభం, మిగతా 72 మందికి ఆ మందుతో ఒరిగేదేమీ లేదు. నూటికి 30 మందికే అయ్యే గుంపులో ఇస్తే లాభపడేది పది మందే. కాబట్టి అందరికీ అన్నీ గుచ్చడం కూడా తెలివైన పని కాదు. ఆండాన్సెట్రాన్‌తో కొందరికి తలనొప్పి, మలబద్ధకం వస్తాయి, గుండె లయ తేడా ఉన్నవాళ్ల విషయంలో డాక్టర్ జాగ్రత్త పడతారు. డెక్సామెథాసోన్‌తో షుగర్ పెరుగుతుంది. ఎవరికి రిస్క్ ఎక్కువో తెలిస్తేనే ఎవరికి రెండు, ఎవరికి మూడు అనేది తేలుతుంది. ఆ తెలియడం మన నోట్లోంచి రావాలి.

పోయిన లైవ్‌లో ఒక తమ్ముడు అడిగాడు, "అన్నా, ఈ స్టడీలన్నీ నిజమేనా?" మంచి ప్రశ్న, ఎందుకంటే సరిగ్గా ఈ సబ్జెక్ట్‌లోనే పెద్ద మోసం జరిగింది. జపాన్‌లో యోషిటకా ఫుజీ అనే మత్తు డాక్టర్, వాంతుల మందు గ్రానిసెట్రాన్ మీద పేపర్ల మీద పేపర్లు వేశాడు. 2000లోనే జర్మన్ డాక్టర్లు జర్నల్‌కు ఉత్తరం రాశారు: ఇతని చాలా పేపర్లలో తలనొప్పి వచ్చినవాళ్ల సంఖ్య ఏ గుంపులో చూసినా ఒకటే ఉంది, ఇంత చక్కటి డేటా నమ్మేలా లేదని. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2012లో జాన్ కార్లైల్, ఇంగ్లండ్‌లో మత్తు డాక్టర్, పైన చెప్పిన కోక్రేన్ రివ్యూ చేసింది ఈయనే, ఫుజీ 168 ట్రయల్స్ తీసుకుని స్టాటిస్టిక్స్ పెట్టి చూశాడు. నిజమైన మనుషుల కొలతల్లో ఉండే గందరగోళం వాటిలో లేదు. అదే ఏడాది జపాన్ మత్తు డాక్టర్ల సొసైటీ విచారణ చేసి, 212 పేపర్లలో 172 కల్పితమని తేల్చింది. మన టెస్ట్ డేటా కూడా అంతే కదా, చేత్తో రాసిన డమ్మీ డేటా ఎప్పుడూ మరీ నీట్‌గా ఉంటుంది. 2020లో కోక్రేన్ మళ్లీ లెక్కలు వేసింది, 585 స్టడీలు. ఆండాన్సెట్రాన్, డెక్సామెథాసోన్, గ్రానిసెట్రాన్ అప్పుడూ నిలబడ్డాయి. మందులు కలిపి ఇస్తే ఒక్కటి ఇచ్చినదానికన్నా సాధారణంగా మెరుగు అని కూడా తేలింది.

సిజేరియన్ గురించి ఒక్క ముక్క, మన చూసేవాళ్లలో చాలామంది ఇళ్లల్లో అదే ఆపరేషన్ కాబట్టి. అక్కడ నడుముకు మత్తు ఇస్తారు, బల్ల మీదే కడుపులో తిప్పుతుంది. చాలాసార్లు అది బీపీ పడిపోతోందన్న సూచన. సిగ్గుపడకుండా వెంటనే తల దగ్గరున్న డాక్టర్‌కు చెప్పాలి.

సరే, మా ఇంటికి వద్దాం. ఈసారి వేరే దవాఖాన. అమ్మ పాత ఫైల్ వెతికితే మత్తు షీట్ దొరికింది. ప్రొడక్షన్‌లో ఏదైనా పడిపోతే లాగ్స్ చూసినట్టు దాన్ని చూశా. గ్యాస్ మత్తు, ట్రమడాల్, వాంతులకు ఒకే ఒక్క మందు. ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకున్నా. మీరూ డిశ్చార్జ్ రోజు ఆ షీట్ ఫోటో తీసి పెట్టుకోండి, తర్వాత అడిగితే దొరుకుతుందన్న గ్యారంటీ లేదు.

ఆపరేషన్‌కు ముందు చెకప్‌లో మత్తు డాక్టర్ మేడమ్ ఆ ఫోటోను జూమ్ చేసి చూసింది. అమ్మను ఒకటే అడిగింది, "అమ్మా, బస్సు పడదా?" అమ్మ నా మొహం చూసి, "నువ్వు చెప్పినవా" అంది. నేను ఇంకా నోరు తెరవలేదు. మేడమ్ కాగితం మీద రాసింది: ప్రొపోఫాల్ మత్తు, మత్తు ఇచ్చాక డెక్సామెథాసోన్, ఆపరేషన్ చివర్లో ఆండాన్సెట్రాన్, కోత దగ్గర తిమ్మిరి ఇంజెక్షన్, నొప్పికి పారాసిటమాల్, ట్రమడాల్ తప్పకపోతేనే. అయినా వస్తే ఇవ్వడానికి వేరే జాతి మందు పేరు కూడా అడుగున రాసింది. "అసలే రాదని చెప్పను, పోయినసారి లెక్క మాత్రం ఉండదు" అంది. ఉదయం మంచినీళ్లు ఆపరేషన్‌కు రెండు గంటల ముందు దాకా తాగొచ్చని చెప్తే, అమ్మ నమ్మలేక రెండుసార్లు అడిగింది.

బయటకొచ్చాక అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. చాయ్ తాగుతూ, "పోయినసారి గూడ గీ కాయితం రాస్తే అయిపోవు గదరా" అంది.

ఆపరేషన్ వచ్చే బుధవారం. ఫస్ట్ బస్సుకు పోదామంటే, వద్దమ్మా, కారు మాట్లాడిన అన్నాను. ముందు సీటు తనదేనంది. నిమ్మకాయ అప్పుడే బ్యాగులో పెట్టేసింది. వచ్చే వారం ఎపిసోడ్ ఉండదు. ఎట్లా జరిగిందో ఆ తర్వాతి దాంట్లో చెప్తా, వాంతి అయినా సరే.