లేతరంగుల ఇల్లు

సంక్రాంతికి ముందు ఇంటికి వెల్ల వేయించుట మనకు తరతరాల వాడుక. ఆ సున్నపునీటిలో కొంచెము నీలిమందు కలిపినచో గోడ మరింత తెల్లగా తోచునని మన పెద్దలకు తెలియును. నేడు మనము పాస్టెల్ రంగులని పిలుచుకొను మీగడరంగు, గంధపురంగు, లేతనీలము, లేతాకుపచ్చ మున్నగువానిలో నున్న కిటుకు కూడ ఇంచుమించు అదియే: తెలుపు పాలు ఎక్కువ, రంగు పాలు తక్కువ.

అయితే ఈ రంగులను మన మెచ్చట వేయించుచున్నాము? అతిథులు కూర్చుండు ముందుగదిలో. ఇల్లాలు ప్రొద్దున లేచినది మొదలు మసలు వంటగది, ముసలివారు పండుకొను వెనుకగది తరచు పాత మసిగోడలతోనే మిగిలిపోవును. రంగుల ఆలోచన ఇంటి వెనుకనుండి ఆరంభము కావలెనని నా మనవి.

కారణము కలదు. తెల్లని గోడ తనపై పడిన వెలుగులో నూటికి 80 పాళ్ల వరకు గదిలోనికి తిప్పి పంపును. మీగడరంగు సుమారు 70 పాళ్లు పంపును. ముదురు గోధుమరంగు 10, 15 పాళ్లకంటె ఎక్కువ పంపదు. ఒకే కిటికీ గల గదికి ఈ భేదము చిన్నది కాదు. వయస్సు మీరిన కంటికి వెలుతురు మరింత కావలెను గదా! బియ్యములోని రాయి, కత్తిపీట అంచున వ్రేలు, మందుసీసాపైని అక్షరము, ఇవన్నియు వెలుతురుతో పనియున్న సంగతులే.

ఇక ఏ గదికి ఏ రంగు? ఉత్తరపు కిటికీనుండి ఏడాదిలో అధికభాగము ఎండ నేరుగా రాదు; ఆకాశపు నీలికాంతియే వచ్చును. అచట లేతనీలము వేసినచో గది ముభావముగా తోచును, గంధపురంగు ఒప్పును. పడమటి ఎండ కాయు గదిలో లేతాకుపచ్చ చల్లగా నుండును. ఆ చల్లదనము కంటికే గాని ఒంటికి కాదు. వేడి నిజముగా తగ్గవలెనన్న తెలుపు వేయవలసినది డాబాపైన, వెలుపలి గోడలపైన.

నేలను మరువరాదు. కడప నల్లరాయి పరచిన గదిలో నేల వెలుగును త్రాగివేయును. గోడలు తెలుపునకు దగ్గరగా నుండవలెను. ఎర్రనేల ప్రక్క లేతాకుపచ్చ గోడ మరింత పచ్చగా కనబడును. పారిస్ నగరమున గోబెలిన్ చిత్రకంబళముల కర్మాగారములో నలుపురంగు చాలుట లేదన్న ఫిర్యాదును షెవ్రల్ అను రసాయనశాస్త్రజ్ఞుడు విచారించెను. లోపము అద్దకములో లేదు, ప్రక్కనున్న రంగులలో నున్నదని ఆయనకు తేలినది. ఆ విషయమును 1839లో గ్రంథరూపమున వివరించెను.

దుకాణములోని చీటీపై చూచిన రంగు ఇంటిలో అట్లే యుండదు. నాలుగు గోడలు ఒకదాని రంగు నొకటి ప్రతిఫలించుటచే అది చిక్కబడును. కనుక నచ్చినదానికంటె ఒక మెట్టు లేతదానిని ఎన్నుకొనవలెను. మూరెడు మేర పూయించి, ఆరిన తరువాత ఉదయము, మధ్యాహ్నము, దీపపు వెలుగున చూడవలెను. పసుపుకాంతి దీపము క్రింద లేతపసుపు తెలుపులో కలిసిపోవును. లేతనీలము బూడిదవన్నెకు దిగును.

ముఖ్యమైన హెచ్చరిక మరొకటి. పాత తలుపుల రంగులో సీసము ఉండవచ్చును. ఆ పొడి పసిపిల్లల మెదడుకు చెరుపు చేయును. కనుక పొడిగా గోకింపక, తడిపి రుద్దించవలెను. పిల్లలను దూరముగా నుంచవలెను. భారతప్రభుత్వము 2016లో చేసిన నిబంధనల ప్రకారము ఇంటి రంగులలో సీసము పదిలక్షలకు 90 పాళ్లు మించరాదు. క్రొత్త డబ్బా కొనునప్పుడు పైని అక్షరములు చదివి తీసికొనవలెను.

ముందుగది అందమును వచ్చినవారు మెచ్చుకొందురు. వంటగది వెలుతురును మెచ్చుకొనుటకు ఎవరును రారు. అందుచేతనే దానిని మనము మరచిపోవుచున్నాము. ఈ పండుగకు రంగులు వేయువారు వచ్చినప్పుడు, మొదట వంటగది తలుపు తెరచి చూపవలెనని కోరుచున్నాను.