ఇన్వర్టర్ కొనేముందు అడగాల్సిన మాట

(వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యురాలి ప్రసంగం)



నేను ఇడ్లీ పిండి రుబ్బి అమ్ముతాను. కరెంటు పోతే ఆ రోజు బేరం పోయినట్టే. అందుకే సంఘంలో అప్పు తీసుకుని ఇన్వర్టర్ పెట్టించాను, ఉన్నవాటిలో చవకది. దాని మీద గ్రైండర్ గుయ్‌మని మూలిగేది, పట్టుకుంటే చెయ్యి కాలేది. కొన్నాళ్లకు మోటారు కాలిపోయింది. గ్రైండర్‌నే తిట్టుకున్నాను. బాగుచేసిన అబ్బాయి చెప్పాకే అసలు సంగతి తెలిసింది.

బ్యాటరీ కరెంటు కుళాయి నీళ్లలా ఒకే వైపు పోతుంది. అది డీసీ. స్తంభం నుంచి ఇంట్లోకి వచ్చేది ఏసీ. అది చల్ల చిలికే కవ్వం తాడులాంటిది. సెకనుకు 50 సార్లు ఇటు వెళ్లి అటు వస్తుంది. మన ఫ్యాను, గ్రైండరు ఆ ఊపుకే తిరుగుతాయి.

ఇన్వర్టర్ లోపల చిలికేవి ఎలక్ట్రానిక్ స్విచ్‌లు. నాలుగు ఉన్నాయనుకోండి. ఎదురు మూలల్లో రెండు కలిస్తే కరెంటు ఇటు పోతుంది. అవి విడిపోయి మిగతా రెండూ కలిస్తే అటు పోతుంది. అలా ఊగే కరెంటునే ట్రాన్స్‌ఫార్మర్ 12 వోల్టుల నుంచి 230కి పెంచగలదు. డీసీని నేరుగా ఇస్తే అది పెంచలేదు.

నా ఇన్వర్టర్ తాడును కుదిపి లాగే రకం. ఒక్కసారిగా ఇటు, ఒక్కసారిగా అటు. దీన్ని స్క్వేర్ వేవ్ అంటారు. మామూలు బల్బుకు ఫర్వాలేదు. మోటారులో మాత్రం కొంత కరెంటు తిప్పడానికి పనికిరాక వేడి కింద పోతుంది. సైన్ వేవ్ రకంలో స్విచ్‌లు సెకనుకు వేలసార్లు కలుస్తూ విడిపోతూ, కరెంటు మెల్లగా పెరిగి మెల్లగా తగ్గేలా చూస్తాయి. ధర ఎక్కువే. కానీ మోటారు నడిపేవాళ్లు అదే తీసుకోవాలి. "వేవ్ సంగతి మీకెందుకమ్మా" అన్నాడు నాకు అమ్మినాయన. మనకే కావాలి, అప్పు కట్టేది మనం.

ఇంకో లెక్క. 12 వోల్టుల 150 ఆంపియర్ అవర్ బ్యాటరీలో కాగితం మీద 1800 వాట్ అవర్లు. గ్రైండరు, రెండు ఫ్యాన్లు కలిపి 300 వాట్లయితే ఆరు గంటలు రావాలి. బ్యాటరీ అడుగంటా వాడితే త్వరగా పాడవుతుంది. మూడు గంటలకు మించి ఆశపడొద్దు. మోటారు మొదలయ్యేటప్పుడు మామూలుకన్నా ఎన్నో రెట్లు లాగుతుంది, అది తట్టుకునే సైజు అడగండి.

నీళ్లు పోసే బ్యాటరీకి డిస్టిల్డ్ వాటరే పోయాలి. ఛార్జింగ్‌లో మండే గ్యాసు వస్తుంది, దేవుడి గూటి పక్కన పెట్టొద్దు.

నా పాత ఇన్వర్టర్ ఇప్పుడు బల్బులకు వాడుతున్నాం. దాని అప్పు ఇంకా నాలుగు వాయిదాలు ఉంది.