శవము లేవకముందే అందవలసిన సొమ్ము

(శాఖా సర్వసభ్య సమావేశములో సమాఖ్య నాయకుడొకరు చేసిన ప్రసంగ పాఠము)



వేతనములను గురించి, పింఛనును గురించి మన సభలలో ఎన్నడూ మాట్లాడుకొనుచునే యున్నాము. నోటితో అనుటకే జంకెడి ఒక విషయమును నేడు మీ ముందుంచుచున్నాను. పనిలో నున్న మనవాడు ప్రమాదమునకు బలియైనపుడు అతని అంత్యక్రియల ఖర్చు ఎవరు భరించవలెను? ఆ సొమ్ము ఎప్పుడు చేతికి రావలెను?

1996లో మా సెక్షనులో ఒక గ్యాంగ్‌మన్, ఒక లైనుపై బండి పోవుచుండగా ప్రక్క లైనులోనికి జరిగి, అటునుండి వచ్చిన బండి తగిలి మరణించినాడు. నేను అప్పటికి ఉద్యోగమునకు కొత్త, యూనియనుకు ఇంకా కొత్త. పంచనామా, పోస్టుమార్టము ముగిసి శవము చేతికి వచ్చుసరికి మరునాటి సాయంత్రమైనది. సొంత ఊరు తొంబది మైళ్ళు. వ్యానుకు 1,900 రూపాయలు, కట్టెలకు, గుడ్డకు, కాటికాపరికి 1,350, శవాగారము వద్ద రసీదు లేని చేతిఖర్చు 300, వచ్చిన బంధువులకు అన్నము పెట్టుటకు 690. మొత్తము 4,240 రూపాయలు. మా మేట్ తన తుండుగుడ్డ పరచి గ్యాంగు గ్యాంగుకు తిరిగి పోగుచేసినది 1,740. తక్కిన 2,500 కొరకు ఆ ఇల్లాలు చెవి కమ్మలు తీసి నూటికి మూడు రూపాయల వడ్డీకి కుదువబెట్టినది.

చట్టప్రకారము అంత్యక్రియలకై ఆమెకు రావలసిన సొమ్ము 1,000 రూపాయలు. అది ఆమె చేతికి వచ్చుటకు పదకొండు నెలలు పట్టినది. ఆ పదకొండు నెలల వడ్డీయే 825 రూపాయలైనది. సొమ్ము తీసుకొని కచేరి మెట్లు దిగుచు ఆమె నన్నడిగిన మాట ఒక్కటే: "అన్నా, కమ్మలు ఇప్పటికైనా విడిపించగలనా?" నేను బదులు చెప్పలేకపోయినాను.

సోదరులారా, ఆ 1,000 రూపాయలకును ఒక చరిత్ర యున్నది. 1923లో వచ్చిన పనివారి నష్టపరిహార చట్టములో అంత్యక్రియల ఖర్చు యజమానిపై వేరుగా మోపబడలేదు. యజమాని జమచేసిన పరిహారములో నుండియే 50 రూపాయలకు మించకుండ తగ్గించి, ఖర్చుపెట్టినవారికి ఇచ్చెడివారు. అనగా మృతుని బిడ్డల కూటి సొమ్ములో నుండియే మృతుని దహనము జరిగెడిదన్నమాట! 1995 సవరణ ఈ అన్యాయమును తొలగించినది. పరిహారమునకు అదనముగా యజమాని 1,000 రూపాయలు చెల్లించవలెనని శాసించినది. 2000 సవరణతో అది 2,500, 2009 సవరణతో 5,000 అయినది. 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి దానిని కనీసము 15,000 చేసినది. ఆ స్మృతులపై మన సమాఖ్యకున్న అభ్యంతరములు మీరెరుగుదురు. అయినను పెరిగిన దానిని పెరిగినదనియే చెప్పవలెను.

కాని మొత్తము మారినదే గాని సొమ్ము నడచు దారి మారలేదు. యజమాని అధికారి వద్ద జమచేయవలెను. అధికారి విచారించి, మిగిలిన ఆశ్రితులలో పెద్దవారికి ఇవ్వవలెను. చితి ఆ దారి వెంబడి వేచియుండదు గదా!

విధినిర్వహణలో ప్రమాదవశాత్తు మరణించిన కేంద్ర ప్రభుత్వోద్యోగి కుటుంబమునకు 7వ వేతన సంఘము తరువాత, 2016 నుండి, ఎక్స్‌గ్రేషియా 10 లక్షల నుండి 25 లక్షలైనది గదా, ఇక ఈ కొద్ది సొమ్మునకై పోరేల యని కొందరు మిత్రులు అడుగుచున్నారు. ఆ 25 లక్షలు మన పోరాట ఫలమే. కాని అది కాగితములన్నియు పూర్తియైన పిమ్మట వచ్చును. మొదటి ఇరువదినాలుగు గంటలలో కావలసినవి ఇరువదియో ముప్పదియో వేలు. వేసవిలో దాహముతో నున్నవానికి వానాకాలమున చెరువు నిండునని చెప్పిన లాభమేమి?

మరి ఆ 25 లక్షలు రాని వారి సంగతి యేమి? మన ప్రక్కనే కంకర పనిలో నుండి మరణించిన కంట్రాక్టు కూలీని తలచుకొనుడు. వాని కుటుంబము పరరాష్ట్రములో నుండును. ప్రమాదము జరిగిన గంటలోనే కంట్రాక్టరు ఫోను మూగవోవును. కంట్రాక్టరు చెల్లించనిచో ప్రధాన యజమాని చెల్లించి, తరువాత కంట్రాక్టరు వద్ద రాబట్టుకొనవలెనను సూత్రము 1923 చట్టములోనే యున్నది. దానిని ఆ రాత్రి శవాగారము వద్ద ఎవరైనను గుర్తు చేసినారా? తపాలా సంచితో పల్లెదారిన పోవుచు లారీ క్రింద పడిన గ్రామీణ డాక్ సేవక్ సంగతియు ఆలోచించుడు. గుద్దిన బండి జాడ తెలియనిచో 2022 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న పథకము క్రింద ఆ కుటుంబమునకు 2 లక్షల రూపాయలు కోరు హక్కున్నది. ఎందరికి తెలియును?

ఇది అరుదుగా జరుగునది కాదు. అనిల్ కాకోద్కర్ అధ్యక్షత వహించిన ఉన్నతస్థాయి భద్రతా సమీక్షా సంఘము 2012లో ఇచ్చిన నివేదికను చూడుడు. ఆ నివేదికకు ముందరి కొన్నేండ్లలో విధులలో మరణించిన రైల్వే సిబ్బంది సుమారు 1,600 మంది.

కావున మన కోర్కెలు నాలుగు. మొదటిది: మరణించిన ఇరువదినాలుగు గంటలలో, శవము శవాగారము నుండి కదలకముందే, స్థానికాధికారి అంత్యక్రియల సొమ్మును కుటుంబము చేతిలో పెట్టవలెను. బండి ప్రమాదములలో ప్రయాణీకుల కుటుంబములకు ఘటనాస్థలముననే తక్షణ సహాయము ఇచ్చుట రైల్వేలకు కొత్త కాదు. ప్రయాణీకునికి సాధ్యమైనది కార్మికునికి అసాధ్యమెట్లగును? రెండవది: ఈ సొమ్మును గ్రాట్యుటీలో గాని, మరే బకాయిలో గాని సర్దుబాటు చేయరాదు. మూడవది: పర్మనెంటు ఉద్యోగికి, కంట్రాక్టు కూలీకి, గ్రామీణ డాక్ సేవక్‌కు ఒకే రేటు ఉండవలెను. నాలుగవది: ధరలతో పాటు ఇది తనంతట తానే పెరుగవలెను. మోటారు ప్రమాద కేసులలో అంత్యక్రియలకు 15,000 నిర్ణయించి, మూడేండ్లకొకమారు నూటికి 10 చొప్పున పెంచవలెనని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము 2017 అక్టోబరు 31న చెప్పియే యున్నది. న్యాయస్థానమునకు తోచినది శాసనమునకు తోచరాదా?

కోర్కెలు సాధించులోగా మనము చేతులు ముడుచుకొని కూర్చుండరాదు. ప్రతి శాఖయు ఒక అంత్యక్రియల నిధిని వేరుగా నుంచవలెను. అది బ్యాంకు సెలవులకు చిక్కుపడకుండ కోశాధికారి వద్ద సిద్ధముగా నుండవలెను. కబురందిన వెంటనే ఇద్దరు బయలుదేరవలెను. ఒకరు కుటుంబము వెంట నుండవలెను, మరొకరు కాగితముల వెంట. మృతుడు ఆ వేళ డ్యూటీలో నున్నట్లు మస్టరులోను పంచనామాలోను స్పష్టముగా వ్రాయబడినదో లేదో ఆ రెండవవాడు చూడవలెను. ఆ ఒక్క వాక్యము లేక సంవత్సరములు కోర్టుల చుట్టు తిరిగిన వితంతువులను నేనెరుగుదును. ఎఫ్.ఐ.ఆర్., పంచనామా, పోస్టుమార్టము నివేదికల నకళ్ళు తీసుకొనవలెను. ఖాళీ కాగితముపై ఆమె చేత సంతకము గాని వేలిముద్ర గాని వేయనీయరాదు.

చివరి మాట కొంత కటువైనది. పెద్దకర్మ ఘనముగా చేయవలెనని బంధువులు ఒత్తిడి చేయుదురు. రాబోవు సొమ్మును చూపి అప్పులు చేయింతురు. పోయినవానిపై గౌరవమునకు మనము అడ్డు చెప్పరాదు. కాని బిడ్డల చదువు సొమ్ము పందిళ్ళకు పోకుండ, ఆ ఇంటి పెద్దలతో కూర్చుండి నచ్చజెప్పుటయు యూనియను పనియే.

ఆ గ్యాంగ్‌మన్ ఇల్లాలి కమ్మలను మరి నాలుగు నెలలకు మా శాఖ చందాలు వేసుకొని విడిపించినది. అది మాకు గొప్ప కాదు. ఆ కమ్మలు ఆమె చెవుల నుండి దిగిన నాడే యజమాని మేలుకొనియుండవలసినది. పనిలో ప్రాణము పోయినచో కాటి ఖర్చు పని చేయించుకొన్నవానిదే. దానికై తుండుగుడ్డ పరచు రోజు మరియొక గ్యాంగుకు రాకుండ చూతము.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!