చెప్పుకొనవలసిన బాధ
(అశోకా రోడ్డున తెలుగు ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగము యొక్క పాఠము)



సాంస్కృతిక సంఘముల సభలలో సంగీతమో, సాహిత్యమో, నాటకమో ప్రసంగవిషయముగా నుండుట పరిపాటి. నేను నేడు మలబద్ధకమును గూర్చి మాటలాడబూనితిని. అందును, క్యాన్సరునకు కీమోథెరపీ అను మందుల చికిత్స పొందువారికి కలుగు మలబద్ధకమును గూర్చి. కొందరు చిరునవ్వు నవ్వుచున్నారు. నవ్వుటలో తప్పు లేదు. నవ్విన పిదప కొంచెము శ్రద్ధతో వినవలెనని మాత్రము నా ప్రార్థన.

ఢిల్లీలో నుద్యోగము చేయు తెలుగువాని యిల్లు సగము సత్రము. శ్రీకాకుళము నుండియో, ఖమ్మము నుండియో, అనంతపురము నుండియో పిన్నిగారు, బావగారు, కాదేని ఊరివారు ఎవరో యొకరు అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు చికిత్సకై వచ్చుచుందురు. గది దొరకినవారు ఈ అశోకా రోడ్డుననే 1వ నంబరున నున్న ఆంధ్రభవనమున దిగుదురు. దొరకనివారు మన క్వార్టర్లలో దిగుదురు. వారిని ఆసుపత్రికి తోడ్కొనిపోయి, వైద్యుడు హిందీలో నడిగినది తెలుగులోను, వారు తెలుగులో చెప్పినది హిందీలోను వినిపించు పని మనది. అనగా మనము దుబాసీలము. నేను వైద్యుడను కాను. ఈ దుబాసీతనము కొన్ని సంవత్సరములు చేసినవాడను. అందు వైద్యుల వలనను, నర్సుల వలనను వినినదియు, నేను చదివి తెలిసికొన్నదియు మీకు మనవి చేసెదను.

నేను చెప్పదలచిన ముఖ్యవిషయ మొక్కటే. ఈ బాధ చాలవరకు నివారింపదగినది. కాని, నోరు తెరచి చెప్పనిదే దీనిని ఎవరును నివారింపజాలరు.

క్యాన్సరు మందుల చరిత్రలో మన తెలుగువారికి గొప్ప భాగము గలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ పరిశోధనాలయమున జరిపించిన కృషి వలననే అమినాప్టెరిను, మెథోట్రెక్సేటు అను మందులు లభించినవి. బోస్టను నగరమున సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు రక్తక్యాన్సరు గల పిల్లలకు అమినాప్టెరిను నిచ్చి, తాత్కాలికముగానైనను వ్యాధి తగ్గుటను చూచి, 1948లో లోకమునకు వెల్లడించెను. ఆ సంవత్సరమే సుబ్బారావుగారు దివంగతులైరి. మరియొక మందు మన పెరటి మొక్కకు సంబంధించినది. మన ముంగిళ్లలో బారుగా పూచు బిళ్ళగన్నేరు నుండియే విన్‌క్రిస్టిను అను మందు తీయబడినది. రక్తక్యాన్సరునకు, లింఫోమాకు దానిని నేటికిని వాడుచున్నారు. అట్లని ఆ యాకును ఇంట నూరి త్రాగరాదు; అది విషము. శుద్ధిచేసి, తూచి, సిరలోనికి మాత్రమే ఎక్కించినపుడే అది మందగును.

ఈ విన్‌క్రిస్టినే మన ప్రసంగవిషయమునకు మొదటి ముద్దాయి. అది పేగులను కదలించు నరములను మందగింపజేయును. అందుచేత దానిని పొందువారికి మలబద్ధకము తరచుగా కలుగును. ఒక్కొక్కప్పుడు పేగుల కదలికయే నిలిచిపోవును. కాని ముద్దాయిలు మరికొందరు గలరు. వాంతి రాకుండుటకై యిచ్చు ఆన్‌డాన్‌సెట్రాను మలబద్ధకమును కలిగించును. నొప్పికి ఇచ్చు మార్ఫిను, ట్రమడాలు మొదలగునవి ఇంకను ఎక్కువగా కలిగించును. ఇనుము మాత్రలు, కాల్షియము మాత్రలు వీనికి తోడగును. ఆహారము సహింపక ఆకుకూరలు తినకుండుట, నోరు చేదై నీరు త్రాగకుండుట, నీరసముచే మంచము దిగకుండుట మిగిలిన పని ముగించును. కనుక “నేనేమి తినకూడనిది తింటిని?” అని రోగి తనను తాను నిందించుకొనుటయు, “మీరు తినక తెచ్చుకొంటిరి” అని ఇంటివారు దెప్పుటయు న్యాయము కాదు.

ఇక దుబాసీల సంగతి. అత్తగారు అల్లుని ముఖము చూచి “నాయనా, నాకు నాలుగు దినములుగా విరేచనము కాలేదు” అని చెప్పునా? మేనల్లుని యెదుట మేనమామ చెప్పునా? వైద్యుడు “ఇంకేమైన బాధ యున్నదా?” అని యడుగును. ఆమె తల యడ్డముగా నూపును. మనము “కుఛ్ నహీఁ” అని చెప్పి బయటికి వత్తుము. వెనుక నూరుమంది నిలిచియుందురు గనుక వైద్యుడును మరల అడుగడు. ఆ తలయూపు ఖరీదు ఆ రాత్రి ఆమె కడుపునకు తెలియును.

మరియొక చిక్కు మాటలలోనే యున్నది. తెలుగున “విరేచనము కాలేదు” అనిన ఒక యర్థము. “విరేచనములు” అనిన దానికి పూర్తిగా వ్యతిరేకార్థము. “మోషన్స్” అను ఇంగ్లీషు మాటయు మన వాడుకలో అట్టిదే. తొందరలో ఒకదానికి బదులు మరియొకటి చెప్పినచో, కడుపు కట్టుకొనిపోయిన రోగికి కడుపు కట్టు మందే వచ్చును! హిందీలో మలబద్ధకమును “కబ్జ్” అందురు. నీళ్ల విరేచనములను “దస్త్” అందురు. మనము భూముల విషయమున నిత్యము వాడు “కబ్జా”యు ఈ కబ్జును ఒక్క మూలము నుండి వచ్చిన మాటలే. పట్టుకొని విడువకపోవుటయే రెండింటి యర్థము. ఇట్లు జ్ఞాపకము పెట్టుకొన్నచో పొరపాటు రాదు.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. పలుదినములు విరేచనము కాక, తరువాత కొంచెము కొంచెము నీళ్లవలె కారుచున్నచో, అది గట్టిపడిన మలము ప్రక్కనుండి జారు ద్రవము కావచ్చును. దానిని దస్త్ అనుకొని విరేచనములు కట్టు మాత్ర వేయరాదు. అంతకు ముందెన్ని దినములు కాలేదో వైద్యునకు తప్పక చెప్పవలెను.

ఇందుకై మంచి యుపాయమొకటి గలదు. రోగి తలగడ క్రింద చిన్న నోటు పుస్తకము నుంచుడు. దినమునకొక గీత, విరేచనమైన దినమున ఒక చుక్క, గట్టిగా నుండెనా, మెత్తగా నుండెనా అని యొక మాట. రోగి యేమియు చెప్పనక్కరలేదు. పుస్తకమును వైద్యుని ముందుంచిన చాలును. ఆడువారి సంగతి కూతురో, కోడలో కనుగొని వ్రాయవచ్చును. వారమునకు మూడుమారులకంటె తక్కువైనను, గట్టిపడి ముక్కవలసివచ్చినను అది మలబద్ధకమే. అట్లని వారమెల్ల వేచియుండరాదు. అలవాటుగా నగువారికి రెండు మూడు దినములు కాకున్నచో అప్పుడే ఆసుపత్రివారికి తెలుపవలెను.

ఇంట చేయదగిన పనులు కష్టమైనవి కావు. మూత్రపిండముల వ్యాధియో, గుండెజబ్బో ఉండి వైద్యుడు వలదనినచో తప్ప, దినమునకు ఎనిమిది గ్లాసులకు తగ్గకుండ ద్రవములు త్రాగవలెను. మంచినీరు, పలుచని మజ్జిగ, చారునీరు, పప్పు మీది తేట అన్నియు లెక్కకు వచ్చును. ఢిల్లీ చలికాలమున దప్పిక తెలియదు. వేసవిలో లూ గాలి ఒంటి తడిని లాగివేయును. కాబట్టి దప్పికకై కనిపెట్టుకొని యుండక, గంటకొక అరగ్లాసు చొప్పున అందించుచుండవలెను. ఉదయము లేవగానే గోరువెచ్చని నీరు మేలు.

భోజనమున బీరకాయ, సొరకాయ, తోటకూర పప్పు, పొట్టు తీయని పెసలు, బొప్పాయిపండు, నానబెట్టిన ఎండుద్రాక్ష మంచివి. ఇచ్చట సులభముగా దొరకు గోధుమ దలియాను మన ఉప్మావలె చేసికొనవచ్చును. కూరలు, పండ్లు బాగుగా కడుగవలెను. కూరలు పూర్తిగా ఉడుకవలెను. కాని పీచుపదార్థమును నీరు లేక పెంచినచో మేలునకు బదులు కీడగును. ఇసబ్‌గోలు విషయమును ఇంతే. నీరు చాలినంత త్రాగలేనివారును, మార్ఫిను వాడువారును వైద్యు నడుగక దానిని తీసికొనరాదు.

ఉదయము ఫలాహారమైన అరగంటకు పేగులు సహజముగా కదలును. ఆ వేళ తొందర పెట్టక, ఇంటిలో నొక్కటే మరుగుదొడ్డి యున్నను అది రోగికే విడువవలెను. కార్యాలయమునకు వెళ్లువారు పది నిమిషములు ముందు లేచినచో సరిపోవును. కుర్చీవంటి దొడ్డి యైనచో పాదముల క్రింద చిన్నపీట వేసి మోకాళ్లను పైకెత్తిన సుకరమగును. ఓపికయున్నంత వరకు వరండాలో నాలుగడుగులు వేయించవలెను.

ఇవి చాలనిచో మందులు గలవు. సునాముఖి నుండి చేసిన మాత్రలు, బిసకొడిలు, లాక్ట్యులోసు ద్రవము, పాలీఎథిలీను గ్లైకాలు పొడి మొదలగునవి వైద్యులు వ్రాయుదురు. సునాముఖి మాత్ర రాత్రి వేసికొనిన తెల్లవారునప్పటికి పనిచేయును. లాక్ట్యులోసునకు ఒకటి రెండు దినములు పట్టును. మార్ఫిను మొదలుపెట్టిన దినముననే విరేచనపు మందును మొదలుపెట్టుట మంచి పద్ధతి. ఏలయన, మార్ఫిను వలని వికారము కొన్ని దినములలో తగ్గును గాని మలబద్ధకము తగ్గదు. కనుక ఆ చీటీలో విరేచనపు మందు లేనిచో “ఇది కూడ వ్రాయుదురా?” అని అడుగుట దుబాసీ ధర్మము. నొప్పి మందును మాత్రము రోగి తనంత తాను మానరాదు.

చేయరానివి రెండు. మొదటిది, ఆముదము పట్టించుట, త్రిఫల చూర్ణము పెట్టుట మొదలగు పెద్దల వైద్యములు వైద్యునకు తెలుపక చేయరాదు. రెండవది, ఎనీమా యిచ్చుటగాని, మలద్వారమున మందుబిళ్ల నుంచుటగాని అనుమతి లేక చేయరాదు. కీమోథెరపీ యైన పిదప, సాధారణముగా 7 మొదలు 14 దినముల నడుమ, తెల్లరక్తకణములు తగ్గియుండును, ప్లేట్‌లెట్లును తగ్గవచ్చును. అప్పుడు చిన్న గీరుడు వలన సూక్ష్మజీవులు రక్తమున చేరవచ్చును, రక్తస్రావము కలుగవచ్చును.

కడుపుబ్బి నొప్పి పుట్టి వాంతులగుచున్నను, అపానవాయువు సైతము పోకున్నను, రక్తము పడుచున్నను, జ్వరము 100.4 డిగ్రీలకు చేరినను, కాళ్లు పట్టుతప్పినను, మూత్రము కట్టుకొనిపోయినను తెల్లవారువరకు వేచియుండరాదు. అర్ధరాత్రియైనను ఆసుపత్రికి పోవలసినదే.

సోదరులారా, మన సంఘము పండుగలు జరుపుచున్నది, నాటకము లాడించుచున్నది. భాషాభిమానమునకు అవి గుర్తులు. కాని పరాయి ఊరి ఆసుపత్రి వరండాలో, సిగ్గుచే పెదవి కదపలేని మన పెద్దమ్మ మాటను ఉన్నదున్నట్లు వైద్యుని చెవిని వేయుట అంతకంటె చిన్న భాషాసేవ కాదు. ఈసారి మీ యింట దిగిన బంధువు “ఇంకేమియు లేదులే, నాయనా” అనినపుడు, మెల్లగా ఒక్క ప్రశ్న మరల అడుగుడు.