బీపీ వచ్చి పోతుంటే అది టెన్షనేనా? అడ్రినల్ ట్యూమర్ కథ

ముందే ఒక మాట. నేను డాక్టర్‌ని కాదు, బీటెక్ చదివి కోడ్ రాసుకున్నవాడిని. ఈ రోజు టాపిక్ మా ఇంట్లోనే జరిగింది. చదివిందీ, డాక్టర్‌ని అడిగి తెలుసుకున్నదీ చెప్తాను. మందుల విషయం మాత్రం మీ డాక్టర్‌నే అడగండి.

మా పెద్దమ్మ కొడుకు, ముప్పై రెండేళ్లు. నెలకి రెండు మూడు సార్లు ఉన్నట్టుండి తలనొప్పి, చొక్కా తడిసేంత చెమట, గుండె దడ. మొహం తెల్లగా పాలిపోయేది. ఇరవై నిమిషాల్లో అంతా మామూలే. హాస్పిటల్‌కి వెళ్లేసరికి బీపీ 130/80, ఈసీజీ నార్మల్. "జాబ్ టెన్షన్ బాబూ" అని నిద్రకి టాబ్లెట్ రాసిచ్చారు. పెద్దమ్మ దిష్టి తీసింది. నేనేమో "పానిక్ అటాక్ అన్నయ్యా, రాత్రిళ్లు ఫోన్ తగ్గించు" అని సలహా ఇచ్చా. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. రెండేళ్లు అలాగే గడిచాయి.

సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఈ బాధ తెలుసు. కస్టమర్ దగ్గర క్రాష్ అవుతుంది, మన దగ్గర పెడితే చక్కగా నడుస్తుంది. చివరికి ఒక డాక్టర్ అన్నారు: "అది వచ్చినప్పుడే ఇంట్లో బీపీ చూడండి." మెషీన్ కొన్నాం. మూడో వారం వచ్చింది. 210/120.

మన రెండు కిడ్నీల మీద టోపీల్లాగా చెరో గ్రంథి ఉంటుంది. ఒక్కోటి నాలుగైదు గ్రాములే. అవే అడ్రినల్ గ్రంథులు. పై పొరలో కార్టిసాల్, ఆల్డోస్టిరాన్ తయారవుతాయి, లోపలి భాగంలో అడ్రినలిన్. ఆ లోపలి భాగంలో వచ్చే గడ్డ పేరు ఫియోక్రోమోసైటోమా. తలనొప్పి, చెమట, దడ మూడూ కలిసి, విడతలు విడతలుగా వస్తే దీన్ని అనుమానిస్తారు. అందరికీ మూడూ రావు. చాలా అరుదు కూడా, దడ వచ్చిన ప్రతివాళ్లూ కంగారు పడక్కర్లేదు. కానీ అరుదు కాబట్టే ఎవరికీ గుర్తు రాదు. అమెరికా ప్రెసిడెంట్ ఐసన్‌హోవర్‌కి బీపీ ఉండేది, 1955లో గుండెపోటు వచ్చింది. 1969లో చనిపోయాక పోస్ట్‌మార్టంలో ఎడమ అడ్రినల్‌లో 1.5 సెంటీమీటర్ల ఈ గడ్డ కనిపించింది. అంత పెద్ద డాక్టర్లు చుట్టూ ఉండి కూడా!

మరి ఎలా పట్టుకుంటారు? నాకు బాగా నచ్చిన పాయింట్ ఇదే. గడ్డ అడ్రినలిన్‌ని ఎప్పుడో ఒకసారి వదులుతుంది. కానీ ఆ అడ్రినలిన్ గడ్డ లోపలే విరిగి మెటానెఫ్రిన్ అయ్యి, రోజంతా రక్తంలోకి కారుతూనే ఉంటుంది. క్రాష్ అయ్యే క్షణాన్ని పట్టుకోలేకపోయినా లాగ్ ఫైల్‌లో అంతా రాసి ఉన్నట్టు. అందుకే రక్తంలోగానీ, 24 గంటల యూరిన్‌లోగానీ మెటానెఫ్రిన్స్ చూస్తారు. రక్తం టెస్ట్ అయితే ఒక అరగంట పడుకోబెట్టి తీస్తారు. యూరిన్ అయితే పొద్దున మొదటిసారిది వదిలేసి, మర్నాడు పొద్దున మొదటిసారి వరకు మొత్తం ల్యాబ్ వాళ్లిచ్చిన క్యాన్‌లో పట్టాలి. మా అన్నయ్య ఆ క్యాన్‌తో ఆఫీసుకి వెళ్లలేక లీవ్ పెట్టాడు. డిప్రెషన్‌కి వాడే కొన్ని మందులు రిజల్ట్‌ని పెంచి చూపిస్తాయి, కాబట్టి వాడేవన్నీ ముందే చెప్పాలి. మీ అంతట మీరు ఆపేయొద్దు.

హార్మోన్ ఎక్కువని తేలాకే సీటీ స్కాన్. ఎందుకంటే వేరే దేనికో తీసిన స్కాన్‌లో అడ్రినల్ మీద చిన్న గడ్డ కనపడటం మామూలే, చాలావరకు ఏమీ చేయవు. అది హార్మోన్ వదులుతోందా లేదా అన్నది ఫోటో చెప్పదు. అలా అనుకోకుండా గడ్డ కనిపించినవాళ్లకీ హార్మోన్ టెస్టులు కావాలి. ఈ గడ్డ కాదని తేలకుండా సూది గుచ్చి ముక్క తీస్తే బీపీ ప్రాణం మీదకి తేవచ్చు. దడ తగ్గడానికి ఇచ్చే బీటా బ్లాకర్ కూడా ముందుగా ఒక్కటే వాడితే ప్రమాదం. ముందు ఆల్ఫా బ్లాకర్ ఇస్తారు.

పై పొర గడ్డలది వేరే కథ. మూడు రకాల బీపీ మాత్రలు వేసినా దిగకపోతే, లేదా పొటాషియం తక్కువుంటే, ఆల్డోస్టిరాన్, రెనిన్ రెండూ కొలిచి నిష్పత్తి చూస్తారు. పొటాషియం నార్మల్‌గా ఉన్నంత మాత్రాన లేదనుకోకూడదు. మొహం గుండ్రంగా ఉబ్బి, పొట్ట మీద ఊదారంగు చారలు వస్తే కార్టిసాల్ అనుమానం. రాత్రి 11కి 1 మిల్లీగ్రాము డెక్సామెథసోన్ ఇచ్చి, పొద్దున 8కి కార్టిసాల్ చూస్తారు. కీళ్ల నొప్పులకని ఏళ్ల తరబడి స్టెరాయిడ్ మింగినవాళ్లకీ ఇవే లక్షణాలు ఉంటాయి, వాళ్లకి గడ్డ ఉండదు.

అన్నయ్యకి కుడివైపు నాలుగున్నర సెంటీమీటర్లు. రెండు వారాలు ఆల్ఫా బ్లాకర్, ఉప్పు, నీళ్లు బాగా ఇచ్చి లాపరోస్కోపీలో తీసేశారు. అంతటితో అయిపోయిందనుకున్నాం. కానీ ఈ గడ్డ వచ్చినవాళ్లలో దాదాపు మూడోవంతు మందికి అది జీన్స్‌లో ఉంటుంది. అన్నయ్యకీ ఉందని తేలింది. అంటే వాళ్ల చెల్లెలికి కూడా చూడాలి. ఆమెకి ఇప్పుడు సంబంధాలు చూస్తున్నారు. టెస్ట్ సంగతి బయటికి తెలిస్తే ఎలాగని పెద్దమ్మ వాయిదా వేస్తూ వచ్చింది. నేను గట్టిగా చెప్పలేకపోయాను.

నిన్న రాత్రి చెల్లే ఫోన్ చేసింది, "అన్నయ్యా, ల్యాబ్ ఎన్నింటికి తెరుస్తారు?" అని. శనివారం పొద్దున నేనే తీసుకెళ్తున్నా. ఉంటానండి, మళ్లీ కలుద్దాం.