రిజిస్ట్రేషన్ ఆగిన ఇల్లు: ఆగాలా, మానుకోవాలా?

బయానా ఇచ్చారు, అగ్రిమెంటు రాసుకున్నారు. నెలలు గడుస్తున్నా రిజిస్ట్రేషన్ కాలేదు. అడిగితే అమ్మేవారు "చిన్న లీగల్ చిక్కు, వచ్చే వారం తేలిపోతుంది" అంటున్నారు.

ఆ చిక్కేమిటో ముందు కాగితం మీద చూపించమనండి. లింకు డాక్యుమెంటు పోతే సర్టిఫైడ్ కాపీ తెచ్చుకోవచ్చు. బ్యాంకు అప్పుంటే తీర్పించవచ్చు. వీటికి ఓపిక పట్టొచ్చు.

అమ్మేవారి అక్కచెల్లెళ్లు సంతకం పెట్టనంటే మాత్రం జాగ్రత్త. హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతుళ్లకు కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది 2005 సవరణ. "వాళ్లకు కట్నం ఇచ్చేశాం" అన్న మాట కోర్టులో నిలవదు. వాళ్లు ఇప్పటికే భాగాల దావా వేసి ఉంటే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్)లో అది కనిపించకపోవచ్చు. కోర్టు రికార్డుల్లో వెతికించాలి. దావా నడుస్తుండగా కొన్నవారికీ ఆ తీర్పు వర్తిస్తుందని ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. నన్నడిగితే, అలాంటి ఇంటి మీద ఆశ వదులుకోవడమే మంచిది. పిల్లల చదువుకు దాచిన డబ్బు అందులో ఇరుక్కోకూడదు.

బిల్డర్ దగ్గర కొన్న ఫ్లాటైతే దారి వేరు. ఒప్పుకున్న తేదీకి ఇవ్వకపోతే, రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం (రెరా) 18వ సెక్షన్ కింద వడ్డీతో డబ్బు వెనక్కి అడగొచ్చు. ఉండదలిస్తే ఆలస్యమైన ప్రతి నెలకూ వడ్డీ అడగొచ్చు.

మానుకున్నా, ఆగినా లాయరు చేత నోటీసు ఇప్పించండి. ఒప్పందం అమలు కోరే దావాకు గడువు మూడేళ్లే. అగ్రిమెంటులో రిజిస్ట్రేషన్‌కు తేదీ రాసుకుంటే ఆ రోజు నుంచే అది లెక్క.