రైఫిల్ మీది ఇనుప సైట్లు: జవాన్ల అనుభవం, మనకు పాఠం

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల సందర్భంగా అఫ్జల్‌గంజ్‌లో చేసిన ప్రసంగ పాఠం)

 

"ఇంజనీరు కదా, అందరికీ అర్థమయ్యే సాంకేతిక విషయం ఏదైనా చెప్పండి" అని కార్యదర్శి గారు అడిగారు. పెద్ద ప్రాజెక్టుల గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను మాత్రం గుప్పిట్లో పట్టేంత చిన్న వస్తువును ఎంచుకున్నాను. సైనికుడి రైఫిల్ మీద అద్దాల సైటు ఉన్నా, దానికి తోడుగా ఉంచే ఇనుప సైటు అది. యుద్ధం గురించి గొప్పలు చెప్పడం నా ఉద్దేశం కాదు. యంత్రం మొరాయించినప్పుడు మనిషి చేతిలో ఏం మిగులుతుంది అన్న ప్రశ్నకు సైనికులు ప్రాణాలు పణంగా పెట్టి జవాబు వెతికారు. ఆ జవాబు మనందరికీ పనికొస్తుంది.

ముందు ఇనుప సైటు ఎలా పనిచేస్తుందో చూద్దాం. మనలో ఎన్‌సిసి చేసినవాళ్లకు "శిస్త్ లేనా" అన్న మాట గుర్తుండే ఉంటుంది. పాయింట్ 22 రైఫిల్ పట్టుకొని, బోర్లా పడుకొని, పాతిక గజాల దూరంలో ఉన్న కాగితానికి గురిపెట్టేవాళ్లం. కంటి దగ్గర బ్యాక్ సైటు, గొట్టం చివర ఫోర్ సైటు, ఆ అవతల టార్గెట్. ఈ మూడూ ఒకే గీత మీదికి రావాలి. చిక్కేమిటంటే, మన కన్ను ఒకేసారి మూడు దూరాలను స్పష్టంగా చూడలేదు. అందుకే ఉస్తాద్ "ఫోర్ సైటు కొన మీదే చూపు ఉంచు, టార్గెట్ కొంచెం మసగ్గా కనిపించినా ఫరవాలేదు" అని నేర్పేవాడు.

పిల్లల కోసం చిన్న లెక్క. రెండు సైట్ల మధ్య దూరం 500 మిల్లీమీటర్లు అనుకోండి. ఫోర్ సైటు కొన ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే, సజాతి త్రిభుజాల సూత్రం ప్రకారం 300 మీటర్ల దూరంలో గుండు 60 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. అంటే మనిషికి తగలకుండా పోవడానికి ఒక మిల్లీమీటరు చాలు. తొమ్మిదో తరగతిలో "ఇది ఎందుకు పనికొస్తుంది సార్" అని అడిగిన సూత్రమే ఇది.

1962లో మన జవాన్ల చేతిలో ఉన్న త్రీ నాట్ త్రీకి ఉన్నది ఇనుప సైట్లే. ఆ తర్వాత వచ్చిన ఎస్ఎల్ఆర్‌కూ, దాని తర్వాతి ఇన్సాస్‌కూ ప్రధానంగా అవే. అద్దాల సైట్ల కాలం తర్వాత వచ్చింది. స్వీడన్‌కు చెందిన ఎయిమ్‌పాయింట్ కంపెనీ 1970ల మధ్యలో ఎర్రచుక్క సైటును మార్కెట్లోకి తెచ్చింది. చిన్న ఎల్ఈడీ వెలుగు పూత పూసిన అద్దం మీద పడి కంటికి తిరిగి వస్తుంది. చుక్క దూరాన టార్గెట్ మీదే ఉన్నట్టు కనిపిస్తుంది. మూడు వస్తువులను కలపాల్సిన పని రెండింటికి తగ్గింది. రెండు కళ్లూ తెరిచే గురి చూడొచ్చు. మన వయసువాళ్లకు ఇంకో సుఖం కూడా ఉంది. చత్వారం వచ్చిన కంటికి ఫోర్ సైటు కొన స్పష్టంగా కనిపించదు. ఎర్రచుక్కకు ఆ బాధ లేదు.

ఈ రంగంలో తెలుగు నేలకూ వాటా ఉంది. మచిలీపట్నంలో 1926లో ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీ మొదలై శాస్త్ర పరికరాలు తయారుచేసింది. 1983లో అది భారత్ ఎలక్ట్రానిక్స్‌లో కలిసింది. నక్షత్రాల వెలుగును పెంచి చీకట్లో చూపించే నైట్ విజన్ పరికరాలు మన సైన్యానికి అక్కడి నుంచి వెళుతున్నాయి. వాటిలో రైఫిల్ మీద బిగించేవీ ఉన్నాయి.

మరి ఇంత మంచి అద్దాలుండగా పాత ఇనుప ముక్క ఎందుకు?

మన బడిలో చదివి, సైన్యంలో చేరి, సుబేదారుగా రిటైరైన నా సహాధ్యాయిని ఇదే అడిగాను. పేరు వద్దన్నాడు కాబట్టి చెప్పను. అతను చెప్పిన కష్టాలు పెద్దవేమీ కావు, అన్నీ చిన్నచిన్నవే. ఎత్తు ప్రాంతంలో చలికి బ్యాటరీ నీరసపడుతుంది. ఊపిరి తగిలితే అద్దం మీద మంచు పేరుకుంటుంది. చల్లటి చోటు నుంచి ఉక్కపోత లోకి రాగానే అద్దం చెమర్చుతుంది. వానలో నీటిబొట్టు, దారిలో బురద, రాజస్థాన్‌లో ఇసుక. రాత్రి డ్యూటీ దిగాక స్విచ్ ఆపడం మరిచిపోతే పొద్దున్నకు చుక్క ఉండదు. అద్దాన్ని తుడవడానికి ఒక చెయ్యి కావాలి, కొన్ని క్షణాలు కావాలి. ఆ రెండూ ఎప్పుడూ దొరకవు.

"ఇప్పుడు బ్యాటరీలు ఏళ్ల తరబడి వస్తున్నాయి కదా" అని వాదించాను. నిజమే, కొన్ని ఎర్రచుక్క సైట్లకు 80,000 గంటలు, అంటే సుమారు తొమ్మిదేళ్లు వస్తుందని తయారీదారులే చెబుతారు. బ్యాటరీ అవసరమే లేకుండా ట్రిటియం వెలుగుతో నడిచేవీ ఉన్నాయి. అయితే ట్రిటియం అర్ధాయువు 12.3 ఏళ్లు. పన్నెండేళ్లు దాటితే వెలుగు సగమవుతుంది. పైగా చెడిపోవడానికి బ్యాటరీ ఒక్కటే కారణం కాదు. అమెరికాలో ఈఓటెక్ హోలోగ్రాఫిక్ సైట్ల సంగతి చూడండి. తీవ్రమైన చలిలో, తేమలో చెప్పినట్టు పనిచేయని సైట్లను అమ్మారన్న ఆరోపణ మీద ఆ సంస్థ, దాని మాతృసంస్థ 2015 నవంబరులో 2.56 కోట్ల డాలర్లు ప్రభుత్వానికి చెల్లించేందుకు ఒప్పుకున్నాయి. వాడేవాడికి ఇలాంటి లోపం అన్నిటికన్నా ప్రమాదం. చుక్క ఆరిపోతే తెలుస్తుంది. చుక్క వెలుగుతూనే తప్పు చోటు చూపిస్తే ఎలా తెలుస్తుంది?

ఆ ప్రశ్నకు జవాబు ఇనుప సైటే. ఎర్రచుక్క సైటు అద్దంలోంచి చూస్తే వెనుకా ముందూ ఉన్న ఇనుప సైట్లు కూడా కనిపించేలా అమర్చుతారు. రెండూ సరిగ్గా జీరో చేసి ఉంటే చుక్క ఫోర్ సైటు కొన మీద కూర్చుంటుంది. పొద్దున్నే ఒక్క చూపు చూస్తే చాలు, రెండూ ఒక మాట మీద ఉన్నాయో లేదో తెలిసిపోతుంది. పెద్దగా చూపించే టెలిస్కోపుల్లో ఈ వీలు లేదు. అందుకే బ్రిటిష్ వాళ్ల సుసాట్ సైటుకు, ఆస్ట్రియా వాళ్ల స్టెయర్ ఆగ్ రైఫిల్ సైటుకు పైభాగంలోనే అత్యవసరానికి చిన్న ఇనుప గురి పెట్టారు.

ఇళ్లు కట్టే మేస్త్రీ లేజర్ లెవెల్ కొనుక్కున్నా రసమట్టం సంచిలోనే ఉంచుకుంటాడు. లేజర్ కింద పడితే అది ఇంకా నిజమే చెబుతోందా అని అడగడానికి రెండో సాక్షి కావాలి. బేగంబజార్‌లో రసమట్టం ఖరీదెంత, వంకర గోడను పడగొట్టి మళ్లీ కట్టే ఖర్చెంత?

అయితే తోడు సైటు ఉన్నంత మాత్రాన ధీమా పనికిరాదు. నా మిత్రుడి మాట ఇది: "అరే, కరెంటు పోతే కొవ్వొత్తి ఉందంటావు. చీకట్లో అగ్గిపెట్టె ఎక్కడుందో తెలుసా, అది చెప్పు." ఇంజనీరింగ్‌లో పెద్ద పుస్తకాలు చెప్పేదాన్ని అతను ఒక్క ముక్కలో చెప్పాడు. దాన్ని మూడు షరతులుగా విడదీస్తాను.

మొదటిది, తోడు సాధనం వేరే కారణంతో మాత్రమే చెడాలి. రెండు ఎలక్ట్రానిక్ సైట్లు ఒకే రకం బ్యాటరీ మీద నడిస్తే ఒకే చలి రెండింటినీ చంపుతుంది. ఇనుముకు బ్యాటరీ అక్కర్లేదు. దాని తంటాలు దానికున్నాయి, రంధ్రంలో మంచు కూరుకుంటుంది, దెబ్బ తగిలితే కొన వంగుతుంది. కానీ ఆ రెండూ ఒకేసారి, ఒకే కారణంతో పోవడం అరుదు.

రెండోది, దాన్ని ముందే సరిచూసి ఉంచాలి. మడిచిన ఇనుప సైటును ఎన్నడూ జీరో చేయకపోతే, అవసరం వచ్చిన రోజు అది అలంకారమే. ఆసుపత్రి జనరేటరైనా అంతే. లోడు పెట్టి నడిపి చూడని జనరేటరు ఉన్నా లేనట్టే.

మూడోది, మనిషికి అలవాటు ఉండాలి. మొదటి రోజు నుంచీ ఎర్రచుక్కతోనే నేర్చుకున్న రిక్రూటుకు ఇనుప సైటు ఇస్తే చూపు ఎక్కడ నిలపాలో తెలియదు. అమెరికా నౌకాదళ అకాడమీ నక్షత్రాలను చూసి దారి కనుక్కునే చదువును ఆపేసి, 2015లో మళ్లీ మొదలుపెట్టింది. ఉపగ్రహాలు చెడిపోయాయని కాదు, అవి అందని రోజు వస్తే తోడు సాధనం ఉండాలని.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. "పాతదే గొప్ప, అద్దాలెందుకు" అనుకోవడమూ పొరపాటే. చీకట్లో ఇనుప సైటు కనిపించదు. దూరాన ఉన్నవాడు శత్రువో, కట్టెలు మోసుకెళ్తున్న పల్లెటూరివాడో అది చూపించలేదు. అద్దం చూపిస్తుంది. అది ఇద్దరి ప్రాణాలకు సంబంధించిన తేడా.

దీనికి రుజువు మనం నిలబడ్డ నేలలోనే ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి అఫ్జల్‌గంజ్‌ను ముంచేసినప్పుడు, ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికారు. ఆ చెట్టుకు దండం పెట్టాల్సిందే. కానీ మన పెద్దలు చెట్టును నమ్ముకొని ఊరుకోలేదు. మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించి సలహా అడిగారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. అలాగని జలాశయాలు వచ్చాయని ఎత్తైన దారులను మరిచిపోకూడదు. 2025 సెప్టెంబరు చివర్లో మూసీ నీళ్లు ఎంజీబీఎస్‌లోకి వచ్చినప్పుడు ప్రయాణికులను బయటికి తరలించాల్సి వచ్చింది. అసలు సాధనమూ కావాలి, తోడు సాధనమూ కావాలి. ఒకటి ఉందని రెండోదాన్ని పారేయడమే ప్రమాదం.

చివరగా సంఘానికి ఒక విన్నపం. స్వర్ణోత్సవ నిధితో తరగతి గదుల్లో స్మార్ట్ బోర్డులు పెడదామని అనుకుంటున్నాం. తప్పకుండా పెడదాం, నా వంతు నేనూ ఇస్తాను. దానితో పాటు నెలకొక్క పీరియడ్ కరెంటుతో పనిలేని పాఠానికి కేటాయించమని కోరుతున్నాను. లాగరిథమ్ పట్టికతో ఒక లెక్క, దిక్సూచితో ఒక పటం, నీడ పొడవును బట్టి చెట్టు ఎత్తు కట్టడం, గాయానికి కట్టు కట్టడం. ప్రయోగశాల బీరువాలో మూలుగుతున్న ఇత్తడి పరికరాలను తుడిచి, సరిచూసి, పిల్లల చేతికిద్దాం. దీనికి పెద్దగా డబ్బు అక్కర్లేదు. నేర్పగల గురువులు ఇంకా మన మధ్య ఉన్నారు, ఈ వేదిక మీదే ఉన్నారు. వాళ్లు ఉండగానే ఆ పని చేయాలి.